సాయంత్రం నానమ్మ

పిల్ల లేచి వెళ్ళిపోయింది. దువ్వెన మాత్రం ఆగలేదు.

నేను వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కిటికీ పక్కన కుర్చీలో మా అత్తగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ కాళ్ళ ముందు కార్పెట్ మీద అంతవరకూ మా అమ్మాయి ఉంది. టీవీలో బొమ్మలు మొదలయ్యేసరికి జడ సగంలో వదిలేసి పరుగెత్తింది. అత్తయ్య ఎడమ చెయ్యి గాలిలో ఒక పాయను పట్టుకునే ఉంది. కుడి చేత్తో ఆ పాయను పైనుంచి కిందికి దువ్వుతున్నారు. చిక్కు తగిలిన చోట ఆగి, వేళ్ళతో విడదీసి, మళ్ళీ దువ్వుతున్నారు. తర్వాత మూడు పాయలు తీసి అల్లారు. చివర రిబ్బను ముడివేశారు. అక్కడ లేని తలను రెండు చేతులతో తనవైపు తిప్పుకుని, ముద్దుగా చూసి, "పో, అద్దంలో చూసుకో" అన్నారు.

బయట నేల మీది మంచు నీలంగా మారే వేళ అది. అమెరికాలో, మా పార్సిప్పనీ ఊళ్ళో చలికాలం సాయంత్రాలు అలాగే ఉంటాయి. మధ్యాహ్నం పడుకుని లేచేసరికి పొద్దు పోయి ఉంటుంది.

నేను మామూలుగానే భయస్తురాలిని. పిల్లలు నిద్రలో దగ్గితే లేచి కూర్చుంటాను. స్కూల్ బస్ కాస్త ఆలస్యమైతే కోటు వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తుతాను. భయం వేసినప్పుడల్లా నేనేదో ఒకటి చేస్తాను. ఆ సాయంత్రం మాత్రం గుమ్మంలోనే ఉండిపోయాను.

"అత్తయ్యా" అన్నాను చివరికి.

ఆవిడ తిరిగి చూశారు. ముఖమంతా చెమట పట్టి ఉంది. మెడ దగ్గర జాకెట్టు తడిసి అంటుకుపోయింది. "ఎవరమ్మా నువ్వు? అలా గుమ్మంలో నిలబడకు, లోపలికి రా" అన్నారు, కొత్తగా పక్కింట్లో దిగిన మనిషిని పిలిచినట్టు, ఎంతో మర్యాదగా.

ఎలాగో బల్ల దగ్గరకు తెచ్చి కూర్చోబెట్టి అన్నం కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక తల ఎత్తి, "ఇంకా దీపాలు వెలగలేదే, వీడు ఆఫీసు నుంచి రాలేదా?" అని ఈసారి నన్ను గుర్తుపట్టే అడిగారు. జడ సంగతి ఏమీ గుర్తులేదు. "పిల్ల సగంలో పారిపోయిందిగా" అని నవ్వారు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. అందరూ పడుకున్నాక వంటగది బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు రాయాలంటే చెయ్యి రాదు.

అత్తయ్య ఆ ఏడాది చలికాలానికి ముందు మా దగ్గరకు వచ్చారు. గోదావరి కాలువ పక్కన ఒక ఊళ్ళో మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకు షుగర్ వచ్చి చాలా కాలం. మొదట్లో మాత్రలు వేసుకునేవారు. మాత్రలు పనిచెయ్యడం మానేశాక డాక్టరు ఇన్సులిన్ సూదికి మార్చాడు. దేశం దాటి వస్తూ ఇన్సులిన్ సీసాలను థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని, ఆ ఫ్లాస్కును విమానంలో ఒళ్ళోంచి దింపకుండా తెచ్చుకున్నారు.

ఆవిడ సూది వేసుకోవడం ఒక ప్రార్థనలా ఉండేది. గాజు సిరంజి, రెండు సూదులు, చిన్న స్టీలు డబ్బాలో ఉండేవి. పొద్దున్నే వాటిని గిన్నెలో నీళ్ళు పోసి మరిగించేవారు. నీళ్ళు వార్చి, సిరంజి ఆరేదాకా కీర్తన పాడుకునేవారు. ఆరాక కిటికీ వెలుతురులో ఎత్తి పట్టి, కళ్ళజోడు సర్దుకుని, పదహారో గీత వరకూ మందు లాగి, తొడకు వేసుకునేవారు. దానికంటే ముందు మూత్ర పరీక్ష. టెస్ట్ ట్యూబులో నీలం మందు పోసి, చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలంగానే ఉండిపోతే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు. ఇటుక రంగుకు వస్తే ఎక్కువైనట్టు. వచ్చిన మర్నాడే బాత్రూంలో ఆ దీపం వెలిగించేసరికి స్మోక్ అలారం మోగి బిల్డింగ్ అంతా మేలుకుంది. బిల్డింగ్ బాగోగులు చూసే సూపరింటెండెంట్ పరుగెత్తుకొస్తే అత్తయ్య టెస్ట్ ట్యూబు చేత్తో పట్టుకునే వెళ్ళి తలుపు తీశారు.

క్రిస్మస్ తర్వాత ఊరి నుంచి తెచ్చుకున్న మందు అయిపోయింది. మావారు మందుల షాపుకు వెళ్ళి ఇక్కడి ఇన్సులిన్ తెచ్చారు. దానికి డాక్టరు చీటీ అడగలేదు. సిరంజిలకు మాత్రం చీటీ కావాలన్నారట.

"సిరంజి నా దగ్గరుందిగా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌వి నాకెందుకు? పదేళ్ళ నుంచి ఒక్క చీము పొక్కు రాలేదు నాకు" అన్నారు అత్తయ్య.

కొత్త మందు మొదలుపెట్టిన మూడో రోజుకే పరీక్ష రంగు నీలానికి వచ్చింది. ఊళ్ళో ఎన్నడూ ఆకుపచ్చ దాటి కిందికి రాలేదట. ఆవిడకు ఎంత సంబరమో. టెస్ట్ ట్యూబు నా కళ్ళ ముందు పెట్టి, "చూశావా అమ్మాయ్, ఆకాశం! ఏమాటకామాటే, అమెరికావాడి మందు మందే" అన్నారు. పొద్దున నీలం, మధ్యాహ్నం నీలం. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదువుకున్న దాన్ని. ఆ నీలం నాకూ అందంగానే కనిపించింది.

జడ అల్లిన సాయంత్రం తర్వాత అలాంటివే ఇంకొన్ని వచ్చాయి. రోజూ కాదు. మధ్యాహ్నం కాస్త గట్టిగా తిన్న రోజు ఏమీ ఉండేది కాదు. తినని రోజు దీపాలు పెట్టే వేళకు ఆవిడ నడక మారేది. గోడ పట్టుకుని నడిచేవారు. ఒకసారి హాల్లో కోట్లు పెట్టుకునే క్లోజెట్ తలుపు తట్టి, జవాబు కోసం చెవి పెట్టి విని, "నిద్రపోతోంది" అని నాకు సైగ చేశారు. ఇంకోసారి బల్ల మీద అయిదుగురికి బదులు ఆరు కంచాలు పెట్టారు. ఆరో కంచంలో పెరుగన్నం చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టారు. మా అమ్మాయిని ఎవరి పేరో పెట్టి పిలిచేవారు. మేమెవరమూ ఎన్నడూ వినని పేరు. "కాలువ గట్టుకు వెళ్ళకు, నీళ్ళు వదిలారు" అనేవారు.

రాత్రి భోజనం కాగానే అంతా మామూలే.

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, అమ్మాయికి అయిదు. వాళ్ళు దానికి వాళ్ళ పేరు పెట్టుకున్నారు.

"మామ్, ఈవెనింగ్ నానమ్మ వచ్చేసింది" అని అబ్బాయి వంటగదిలోకి వచ్చి గుసగుసగా చెప్పేవాడు.

"ఈవెనింగ్ నానమ్మ ఏంట్రా? ఒక్కరేగా నానమ్మ."

"నో. మార్నింగ్ నానమ్మకి నా నేమ్ తెలుసు. ఈవెనింగ్ నానమ్మకి నా నేమ్ తెలీదు. షి ఈజ్ సంబడీ ఎల్స్."

మావారితో చెప్తే మొదట కొట్టిపారేశారు. "చలి పడలేదు అమ్మకి. ఊరు మీద బెంగ. ఇక్కడ సాయంత్రం అయితే మనకే పిచ్చెక్కినట్టుంటుంది."

"షుగర్ పడిపోతోందేమోనండీ."

"అదే మందు, అదే పదహారు, అదే సిరంజి. అక్కడ పడనిది ఇక్కడెందుకు పడుతుంది?"

అయినా పట్టుబట్టి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేయించాను. తర్వాతి వారానికి దొరికింది.

ఒక పొద్దున కాఫీ తాగుతూ మావారు ఆ పేరు ఎత్తారు. "ఎవరమ్మా ఆ పిల్ల? రోజూ పిలుస్తున్నావు."

అత్తయ్య చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే అన్నావు, సాయంత్రం."

"నేననను. నా నోటితో నేననను" అన్నారు. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మధ్యాహ్నం నన్ను పిలిచి, గోడ వైపు చూస్తూ చెప్పారు. మావారు పుట్టకముందు ఒక ఆడపిల్ల ఉండేదట. అయిదేళ్ళది. కాలువలో పోయిందట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. కొడుక్కి కూడా చెప్పలేదు. "ఎవరో మీకు చెప్తున్నారు. నేను మాత్రం కాదు" అన్నారు ఆవిడ. ఆ రాత్రే మావారికి చెప్పాను.

ఆ శనివారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం. నెలకోసారి తెలుగు కుటుంబాలు ఏడెనిమిది ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చేవి. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినరు. సాయంత్రం ప్రార్థన ముగిశాక అందరం కలిసి భోంచేస్తాం. అది మాకు పండగ లాంటిది.

"అత్తయ్యా, మీరు ఉపవాసం ఉండకండి" అన్నాను పొద్దున్నే.

"ఊహ తెలిసినప్పటి నుంచి ఉంటున్నాను. ఇప్పుడు నువ్వు మాన్పిస్తావా?"

"పోనీ ఇవాళ్టికి సూది మానెయ్యండి."

"ఉపవాసం అన్నానికమ్మా, మందుకి కాదు" అని సిరంజి ఎత్తి వెలుతురుకు పట్టారు.

మధ్యాహ్నం వంటకు సాయంగా ఇద్దరు ఆంటీలు ముందే వచ్చారు. ఆంటీలని పిల్లలు పిలుస్తారు, వాళ్ళతో పాటు నేనూ పిలుస్తాను. ఉల్లిపాయలు తరుగుతూ, ఉండబట్టలేక సాయంత్రాల సంగతి చెప్పేశాను.

"మీకు నయం" అంది ఒకావిడ. "మా అత్తగారికి పొద్దున్నుంచే పట్టేది. మీకు సాయంత్రం దాకా టైముంది."

నవ్వు ఆగాక రెండో ఆవిడ గొంతు తగ్గించి, "ఈ అపార్ట్‌మెంట్‌లో మీకంటే ముందు ఎవరుండేవాళ్ళో కనుక్కున్నారా?" అంది. నవ్విన ఆవిడ కూడా కత్తిపీట మీద చెయ్యి ఆపి నా వైపు చూసింది. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. నేను లేచి మంట తగ్గించి మూత పెట్టాను.

సాయంత్రానికి హాలు నిండింది. రెండో కీర్తన మధ్యలో అత్తయ్య లేచి నిలబడ్డారు. చప్పట్లు కొడుతున్న వాళ్ళ మధ్య నుంచి, ఎవరినీ తాకకుండా, నేరుగా మా అమ్మాయి దగ్గరకు నడిచి చెయ్యి పట్టుకున్నారు. "లే. నీళ్ళు పెరుగుతున్నాయి. ఇంటికి పోదాం" అన్నారు. పిల్ల కెవ్వుమంది. చెయ్యి విడిపించబోతే రాలేదు. ఆ పట్టు చూసి మావారే వెనక్కి తగ్గారు.

కీర్తన ఆగిపోయింది. మా సంఘ పెద్ద, నెమ్మదైన మనిషి, ముందుకొచ్చి ఆవిడ తల మీద చెయ్యి పెట్టారు. "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు.

అత్తయ్య పేరు చెప్పారు. తన పేరు కాదు. ఆ పిల్ల పేరు. మాట ముద్దగా, సన్నగా, పళ్ళు ఊడిన పిల్ల చెప్పినట్టు వచ్చింది.

మావారి ముఖం పాలిపోయింది. అందరూ మోకాళ్ళ మీదికి వచ్చారు. ఆవిడ భుజాల మీద, వీపు మీద చేతులు పడ్డాయి. ప్రార్థనలు ఒకదాని మీద ఒకటి లేచాయి. ఎవరో ఏడుస్తున్నారు. నేనూ ప్రార్థించాను. నాకు నమ్మకం ఉంది, అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ గదిలో ఇంకెవరో ఉన్నారని ఆ కాసేపు నేనూ అనుకున్నాను.

అంతలో ఆవిడ చేతి పట్టు సడలింది. అలాగే ఒరిగిపోయారు.

"వదిలింది! స్తోత్రం!" అన్నారు ఎవరో. "స్తోత్రం" అన్నారు అందరూ. ఆవిడ ముఖంలో కలత పోయింది. పాపం అలిసిపోయింది, పడుకోనివ్వండి అన్నారు. దిండు తెచ్చి తల కింద పెట్టారు. మావారు పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే, గదిని వెచ్చబెట్టే రేడియేటర్‌లో నీళ్ళు నడిచే చప్పుడు వినబడుతోంది.

నేను వంగి మెడ మీద చెయ్యి పెట్టాను. మంచులో పడేసిన తడిగుడ్డలా ఉంది. ఊపిరి గురకలా గొంతులో తిరుగుతోంది. గట్టిగా గిల్లాను. రెప్ప కదల్లేదు.

"ఇది నిద్ర కాదు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను" అన్నాను.

"అమ్మా, ఇప్పుడే కదా శాంతించింది. కాసేపు చూద్దాం" అన్నారు పెద్దాయన.

"ప్రార్థన ఆపమనట్లేదండీ. మీరు చెయ్యండి. నన్ను ఫోన్ దగ్గరకు పోనివ్వండి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జనం మధ్యలోంచి దారి చేసుకుని వంటగది గోడ మీద ఫోన్ అందుకున్నాను. నేను అడ్రస్ చెప్తుండగా పెద్దాయన వచ్చి విన్నారు. ఏమనుకున్నారో, చెప్పులతోనే కిందికి దిగి, మంచులో రోడ్డు మీద నిలబడి, అంబులెన్స్ వచ్చేదాకా రెండు చేతులూ ఊపుతూనే ఉన్నారు.

వచ్చిన వాళ్ళు అడిగిన మొదటి మాట, డయబెటిస్ ఉందా అని. ఉందనగానే చేతి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. ఒక పెద్ద సిరంజి నిండా. అది ఇంకా పూర్తి కాకుండానే అత్తయ్య కళ్ళు తెరిచారు. చుట్టూ మోకాళ్ళ మీద ఉన్న జనాన్ని చూసి, "ఏంటి ఇంతమంది కూర్చున్నారు? అన్నాలు పెట్టావా వీళ్ళకి?" అని నన్ను కసిరారు.

మందులన్నీ వెంట తెమ్మన్నారు. స్టీలు డబ్బా, ఫ్రిజ్‌లోని సీసా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బయల్దేరాను. పిల్లల దగ్గర ఒక ఆంటీ ఉండిపోయింది.

హాస్పిటల్లో ఒక గంట బాగానే ఉన్నారు. మళ్ళీ చెమటలు మొదలయ్యాయి, మాట తడబడింది. మళ్ళీ గ్లూకోజ్ పెట్టారు. ఎంత వేసుకుంటారని డాక్టరు అడిగితే మావారు పదహారని చెప్పారు. పదహారు యూనిట్లు మనిషిని ఇంతగా పడెయ్యవు, అది కూడా ఒకసారి లేచాక మళ్ళీ, అన్నాడు డాక్టరు. మేం ఏదో దాస్తున్నామనుకున్నాడేమో, అడిగిందే మళ్ళీ అడిగాడు.

"గీతలు లెక్కపెట్టి వేసుకుంటారు, నేను రోజూ చూస్తాను" అంటూ డబ్బా తెరిచి సిరంజి చూపించాను. దీపం కింద పట్టుకున్నాను. గాజు మీద ఎర్రటి చిన్న అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఒక సీసీకి నలభై యూనిట్లు. రెండో చేతిలో కొత్త మందు సీసా ఉంది. దాని మీద ఒక సీసీకి వంద అని ఉంది.

మన దేశంలో ఆ మందు నలభై బలంతో వస్తుంది. ఆవిడ సిరంజి గీతలు ఆ మందుకు కొలిచి గీసినవి. ఇక్కడి మందు రెండున్నర రెట్లు చిక్కన. ఆ సిరంజిలో పదహారో గీత వరకూ లాగితే ఒంట్లోకి వెళ్ళేది నలభై యూనిట్లు. పొద్దున వేసుకున్న మందు బలం సాయంత్రానికి పైకొస్తుంది. కడుపులో అన్నం ఉంటే సర్దుకునేది. లేకపోతే మెదడుకు చేరాల్సిన చక్కెర కూడా మిగలదు. పరీక్షలో నీలం రంగు షుగర్ లేదని మాత్రమే చెప్పగలదు. ఎంత లోతుకు పడిపోయిందో చెప్పలేదు. డాక్టరుకు ఇదంతా చెప్తుంటే ఆయన ఒక్క మాటా అడ్డు రాకుండా విని, సిరంజి నా చేతిలోంచి తీసుకుని, సీసా పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మావారు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఒంట్లో మందు దిగేదాకా ఉంచుతామన్నారు. డ్రిప్ పెట్టారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ ఇప్పుడు సరిగ్గా ఉందని నర్సు చెప్పింది. అత్తయ్య ముఖం పొడిగా, వెచ్చగా ఉంది. మా ఇద్దరినీ గుర్తుపట్టి మాట్లాడుతున్నారు. సిరంజి సంగతి చెప్తే, "ఎంత పని జరిగింది" అన్నారు. నేను దుప్పటి సర్దుతుంటే చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కున్నారు. టీచరమ్మ గొంతుతో, స్పష్టంగా, కొడుక్కి వినబడకుండా అడిగారు.

"మా పాప మిమ్మల్నేమీ విసిగించలేదు కదా?"

నేను లేదన్నాను. ఆవిడ తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.

ఆ మాట నేను మావారికి చెప్పలేదు. డాక్టరుకూ చెప్పలేదు. మందుకు సంబంధించినంత వరకూ ప్రతి సాయంత్రానికీ నా దగ్గర లెక్క ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం లేదు.

తెల్లవారి ఇంటికి వచ్చేసరికి పిల్లలు సిరియల్ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారు. ఆంటీ రాత్రంతా వాళ్ళ మధ్యే పడుకుందట. అమ్మాయి మణికట్టు మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"నానమ్మ చచ్చిపోయిందా?" అన్నాడు అబ్బాయి.

"లేదురా. రేపు ఇంటికొస్తారు."

"ఏ నానమ్మ?"

బస్సులో ఆలోచించుకుంటూ వచ్చిన మాటలేవీ పనికి రాలేదు. ఇద్దరి మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మందు ఎక్కువైందని, తలలో చక్కెర అయిపోతే మనిషికి తానెవరో తెలియదని, ఇకనుంచి కొత్త సిరంజితో నేనే కొలిచి ఇస్తానని చెప్పాను. అయినా ఎప్పుడైనా నానమ్మ చెమటలు పట్టి వింతగా మాట్లాడితే పారిపోవద్దన్నాను. దగ్గరకు వెళ్ళి మెడ ముట్టుకుని చూడమన్నాను. చల్లగా ఉంటే ఫ్రిజ్‌లో కింది అరలో ఆరెంజ్ జ్యూస్ ఉంటుంది, గ్లాసులో పోసి ఇచ్చి, తాగాక నన్ను పిలవమన్నాను. మింగలేకపోతే ఏమీ పొయ్యకుండా ముందు నన్నే పిలవమన్నాను.

అబ్బాయి తల ఊపాడు. అమ్మాయి ఊపలేదు.

"బట్ మామ్, నిజంగా నానమ్మ కాకపోతే?"

"ఎవరైనా సరే" అన్నాను. "ముందు జ్యూస్ ఇవ్వండి."